తొమ్మిది వేల పున్నములు

కోరుకొండ మెట్ల దగ్గరికి వచ్చేసరికి మా అమ్మ ఆగిపోయింది.

ఆ రోజు ఫాల్గుణ శుద్ధ ఏకాదశి, నరసింహస్వామి కల్యాణం. రాజమండ్రి వైపు నుంచీ గోకవరం వైపు నుంచీ జనం దిగుతూనే ఉన్నారు. దారికి రెండువైపులా జీళ్ల దుకాణాలు, ఖర్జూరం రాశులు, పిల్లల బూరల మోత. (సైనిక్ స్కూలున్న కోరుకొండ విజయనగరం దగ్గరిది. నేను చెప్పేది మన గోదావరి కోరుకొండ.) కింద నుంచి చూస్తే మెట్లు కొండకు నిచ్చెన వేసినట్టు నిటారుగా ఉంటాయి. పోయినేడాది దాకా అమ్మ సగం ఎక్కి, కాసేపు కూర్చుని, మళ్లీ ఎక్కేది. ఈసారి మొదటి మెట్టుకు దణ్ణం పెట్టి, ఆ చెయ్యి కళ్లకద్దుకుని, “మీరెళ్లి రండి. నేను కింద గుళ్లో చూసుకుంటాను స్వామిని” అంది.

మా మేనల్లుడు కదల్లేదు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. వాళ్ల అమ్మమ్మ పక్కనే మెట్టు మీద చతికిలబడ్డాడు.

“అమ్మమ్మా, అసలు నీకెన్నేళ్లు?”

“యాభైమూడు వరదకి పాకుతున్నానంట. లెక్కెట్టుకో.”

ఆవిడ పుట్టిల్లు లంక. మా వైపు ఆ వయసు వాళ్లకు వరదలే క్యాలెండరు. 1953 వరదకు పాకుతూ ఉంది. 1986 వరదకు ఇద్దరు పిల్లల తల్లి. 1996 కోనసీమ తుఫానప్పటికి పెద్దకూతురి పెళ్లి మాటల్లో ఉంది. ఆధార్ కార్డులో ఉన్న జనవరి 1 ఎవరో వేసిన తేదీ.

వాడు వేళ్ల మీద లెక్క వేశాడు. “డెబ్భై దాటేశావు. కొన్ని ఆటల్లో ఎల్ఫ్‌లని ఓ జాతి ఉంటుంది అమ్మమ్మా. వందేళ్లొస్తే గానీ వాళ్లని పెద్దవాళ్లనరు. వాళ్ల లెక్కలో నువ్వింకా చిన్నపిల్లవే.”

“ఎన్నాళ్లు బతుకుతారేంటి వాళ్లు?”

“ఏడొందల యాభై.”

అమ్మ కొండ వైపు చూసింది. నాన్న పోయి తొమ్మిదేళ్లు. “అన్నాళ్లూ పక్కనెవరుంటార్రా?” అంది.

మేం పైకెక్కి, దర్శనం చేసుకుని దిగేదాకా ఆ మాట నన్ను వదల్లేదు. తెలుగు ఊళ్లలో వేలమంది పిల్లలు రాత్రిళ్లు హెడ్‌సెట్ పెట్టుకుని తిరిగే ఆ లోకాల్లో ఒక్కో జాతికి ఒక్కో ఆయుష్షు ఉంటుంది. ఎవరు పెట్టారది? ఎందుకు పెట్టారు? పెట్టినవాళ్లకు మా అమ్మ అడిగిన ప్రశ్న తట్టిందా?

కాగితం మీద ఆయుష్షు

ఆ అంకెలు కంప్యూటర్ల కంటే ముందు కాగితం మీద పుట్టాయి. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట తెచ్చారు. నలుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకడు కథ చెబుతాడు, మిగతావాళ్లు తలో పాత్ర పట్టుకుని పాచికలు వేస్తారు. ఇప్పటి ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ ఆటలన్నిటికీ తాతమ్మ అదే. ఆ ఆటకు ముందు ఇంగ్లండులో టోల్కీన్ 1954–55లో మూడు సంపుటాలుగా తెచ్చిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ ఉంది. ఆయన ఎల్ఫ్‌లకు ముసలితనంతో వచ్చే చావు లేదు. ఆట రాసినవాళ్లు ఆ జాతుల్ని తీసుకుని, అమరత్వానికి బదులు ఓ అంకె వేశారు.

2014లో వచ్చిన ఆ ఆట పుస్తకం తిరగేస్తే ఆయుష్షుల పట్టిక లాంటిదే కనిపిస్తుంది. ఎల్ఫ్ 750 ఏళ్లు బతుకుతుంది. ఒళ్లు మనతో పాటే ఎదిగినా, లోకం చూసి వందేళ్లు నిండితే గానీ పెద్దమనిషి కింద లెక్కలేదు. అప్పుడు తన పేరు తనే పెట్టుకుంటుంది. గనులు తవ్వే పొట్టివాళ్లు, డ్వార్ఫ్‌లు, రమారమి 350 ఏళ్లుంటారు. యాభై దాటేదాకా వాళ్లని కుర్రాళ్లనే అంటారు. ఎల్ఫ్‌కూ మనిషికీ పుట్టిన బిడ్డకు 180 పైన. ఓర్క్ అనే ఇంకో జాతి రక్తం కలిసినవాడు పద్నాలుగేళ్లకే మగాడు, డెబ్భై అయిదు దాటడం కష్టం. ఏడాది తర్వాత ఓ చిన్న అనుబంధంలో వచ్చిన రెక్కల జాతి, ఆరకోక్రా, మరీ పాపం. మూడేళ్లకు ఎదిగిపోయి, ముప్పై లోపే వెళ్లిపోతుంది.

750 అంటే ఎంతో మన గోదావరి గట్టు మీద నిలబడి చూద్దాం. రాజరాజ నరేంద్రుడు రాజమహేంద్రవరంలో గద్దెనెక్కిన 1022లో ఒక ఎల్ఫ్ పుట్టిందనుకోండి. నన్నయ భారతం మొదలెట్టేనాటికి అది పసిది. ముమ్మడి నాయకుడు కోరుకొండను ఏలిన 14వ శతాబ్దం నడుమకు దానికి మూడు వందల ముప్పై, మన లెక్కలో ముప్పై అయిదేళ్ల మనిషి. రెడ్డిరాజుల కొలువుకు శ్రీనాథుడు రావడం చూస్తుంది. గజపతుల్ని, గోల్కొండ సైన్యాన్ని చూస్తుంది. 1758లో చందుర్తి దగ్గర ఇంగ్లీషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ కొట్టుకున్నప్పుడు కర్ర పట్టుకుని గట్టు మీద నిలబడే వయసు. 1772లో పోతుంది. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలవడానికి ఇంకా 75 ఏళ్లుంది. అన్ని యుద్ధాలు చూసిన ఆ ప్రాణి ఒక్క పంటకాలువను చూడకుండానే పోతుంది. ఆనకట్ట చూడని గోదావరి జీవితం ఎంత పొడుగుదైనా కొంత తక్కువదే అనిపిస్తుంది నాకు.

మనవాళ్లు ఆయుష్షును చంద్రుడితో కూడా కొలిచారు. వెయ్యి పున్నములు చూసినవాళ్లకు సహస్ర చంద్రదర్శనం చేస్తారు. పున్నమికి పున్నమికి ఇరవై తొమ్మిదిన్నర రోజుల చొప్పున, వెయ్యి పున్నములకు 80 ఏళ్ల పది నెలలు. ఎల్ఫ్ చూసే పున్నములు తొమ్మిది వేల రెండు వందల పైచిలుకు. షష్టిపూర్తులు పన్నెండు. పన్నెండుసార్లు పీటల మీద కూర్చోవాలి, పక్కన ఎవరో ఒకరుండాలి. మా అమ్మ ప్రశ్న మళ్లీ వచ్చింది, చూశారా.

ఇదంతా ఊహే అనుకోకండి. ఉత్తర అట్లాంటిక్ చన్నీళ్లలో గ్రీన్‌లాండ్ షార్క్ అనే సొరచేప ఉంది. 2016లో శాస్త్రవేత్తలు దాని కంటి పొరల్ని పరీక్షించి, పెద్ద చేపల వయసు నాలుగు వందల ఏళ్ల దరిదాపుల్లో ఉండొచ్చని లెక్కగట్టారు. అది పిల్లల్ని కనే ఈడుకు రావడానికే నూటయాభై ఏళ్లు పడుతుందట. మనిషి సంగతికొస్తే, స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుష్షు 32 ఏళ్ల దగ్గరుండేది. ఇప్పుడు డెబ్భై. మూడు తరాల్లో ఒక జాతి పట్టికలో అంకె రెట్టింపయింది. మా అమ్మకు తోడబుట్టినవాళ్లు ఏడుగురు. మిగిలింది ఆవిడా, ఓ తమ్ముడూ. మిగతావాళ్లలో నలుగురు అయిదేళ్లు దాటలేదు. రెట్టింపు కాకముందు ఆ అంకె అర్థం అది.

శనివారం వచ్చే పుట్టినరోజు

అయితే ఆ 750 ఏళ్లు ఆడినవాడెవడూ లేడు. కాగితం ఆటలోనైనా అప్పుడప్పుడూ వయసు కొరికేది. 1970ల చివర్లో వచ్చిన పుస్తకాల్లో ఓ నియమం ఉండేది. దెయ్యాన్ని చూస్తే చాలు, మీ పాత్రకు పదేళ్లు మీద పడతాయి. ఒంట్లో వేగం పెంచే మంత్రం వేయించుకుంటే ఏడాది పోతుంది. ఎల్ఫ్‌కు పదేళ్లు లెక్కేం కాదు. మనిషి పాత్ర పట్టుకున్నవాడికి మాత్రం గుండె జల్లుమనేది. ఆయుష్షుల మధ్య తేడా చేతికి తగిలేది ఆ ఒక్క చోటే.

1997లో ‘అల్టిమా ఆన్‌లైన్’, 2004లో ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ వచ్చాక అదీ పోయింది. కారణం అర్థం చేసుకోదగ్గదే. నెలనెలా డబ్బు కట్టి పెంచుకున్న పాత్ర ముసలిదై చచ్చిపోతే ఎవడుంటాడు? పైగా లక్షల మంది ఒకే లోకంలో ఉంటారు. ఒకడికి ఆ ఊరి యుద్ధం అయిపోయి పదేళ్లయింది, నిన్న చేరినవాడికి ఇంకా మొదలే కాలేదు. ఇద్దరూ అదే వీధిలో నిలబడి ఉంటారు. అలాంటి చోట ఎవరి తలా నెరిసే వీల్లేదు. అందుకే వేల ఏళ్ల ప్రాణులన్నీ పాతికేళ్ల మొహాలతో తిరుగుతుంటాయి. ‘ఫైనల్ ఫాంటసీ 14’లో లాలాఫెల్ అనే పొట్టి జాతి ఉంది. తాతలు కూడా బడిపిల్లల్లాగే కనిపిస్తారు. అదే ఆటలో కుందేలు చెవుల వియెరాలు మనిషికి మూడింతలు బతుకుతారు. ఆడేవాడికి మాత్రం ఆ మూడింతలు ఎప్పటికీ అనుభవంలోకి రావు.

వచ్చేట్టు చేసిన ఆట నాకు తెలిసి ఒకటుంది. 2004లో దక్షిణ కొరియాలో నెక్సాన్ తెచ్చిన ‘మాబినోగి’. అందులో ప్రతి శనివారం మీ పాత్రకు ఒక ఏడాది వయసు పెరుగుతుంది. మన వారం వాళ్లకు ఏడాది, మన 36 నిమిషాలు వాళ్లకు ఒక రోజు. పదేళ్లకూ పదిహేడేళ్లకూ మధ్య ఏదో ఒక వయసుతో మొదలెడతారు. శనివారం శనివారం పొడుగు సాగుతుంది, బలం పెరుగుతుంది. పాతికేళ్లు దాటాక ఆ పెరుగుదల ఆగిపోతుంది. అప్పుడు మళ్లీ పుట్టొచ్చు. వయసు వెనక్కి తిప్పుకుని పదేళ్ల పిల్లాడిగా మొదలెడతారు, నేర్చిన విద్యలు మాత్రం పోవు. పూర్వజన్మ వాసన అని మనమనే మాటను సియోల్‌లో కూర్చుని ప్రోగ్రాముగా రాసేశారు.

ఇంకో అడుగు వేద్దామనుకున్నవాళ్లు చెయ్యి కాల్చుకున్నారు. ‘క్రానికల్స్ ఆఫ్ ఎలీరియా’ అనే ఆటలో పాత్ర నిజంగా ముసలిదై చనిపోతుందని, వారసుడు అందుకుంటాడని చెప్పి 2016లో జనం దగ్గర 13 లక్షల డాలర్లకు పైగా చందాలు పోగేశారు. ఆట పూర్తి కాకుండానే 2020 మార్చిలో సిబ్బందిని పంపేశారు. చావున్న లోకం కోసం అంతమంది ముందుగా డబ్బు కట్టారన్నది నేను మర్చిపోలేని విషయం. ఎల్లకాలం పాతికేళ్ల మొహంతో ఉండటం వాళ్లకూ చాలలేదన్నమాట.

చెట్టు కూలిన రోజు

వయసు పాత్రకు రాకపోయినా కథలోకి వస్తుంది. వార్‌క్రాఫ్ట్‌లో నైట్ ఎల్ఫ్‌లున్నారు. నార్డ్రసిల్ అనే మహావృక్షం ఉన్నంతకాలం వాళ్లకు ముసలితనం లేదు, రోగం లేదు. అలా పదివేల ఏళ్లు గడిచాయి. 2002లో వచ్చిన మూడో ఆట చివర్లో హైజల్ కొండ మీద శత్రువును ఆపడానికి ఆ చెట్టునే బలిపెట్టారు. యుద్ధం గెలిచారు, ఆయుష్షు పోయింది. అంతవరకూ చావెరగని జాతి మర్నాటి పొద్దున్నుంచి మనలాగా వయసు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది. తర్వాత కొందరు ఇంకో చెట్టు నాటి పాత వరం మళ్లీ తెచ్చుకోవాలని చూశారు. కాలాన్ని కాపాడే డ్రాగన్ దీవెన ఇవ్వలేదు. టెల్‌డ్రసిల్ అనే ఆ రెండో చెట్టును 2018లో కథలో తగలబెట్టినప్పుడు, చిన్నప్పుడు దాని కొమ్మల్లోనే ఆట మొదలుపెట్టినవాళ్లు ప్రపంచం నలుమూలలా కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

తెర మీద చెట్టుకు ఏడుపేంటని అడిగేవాళ్లను నేను కొవ్వూరు అవతల కుమారదేవం తీసుకెళ్తాను. అక్కడ గోదావరి ఒడ్డున నిద్రగన్నేరు చెట్టు ఉండేది. నూటయాభై ఏళ్లదంటారు. వందల సినిమాల్లో కనిపించింది కాబట్టి ఊరివాళ్లకు అది సినిమా చెట్టు. 2024 ఆగస్టులో ఓ తెల్లవారుజామున కూలిపోయింది. ఆ వార్త విని నేనూ వెళ్లాను. మొదలు సగానికి చీలి, లోపలి చెక్క పచ్చిగా, తడిగా ఉంది. ఓ ముసలాయన పంచె ఎగ్గట్టుకుని చీలిక దగ్గర చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఫొటోలు తీసుకునే పిల్లలు పక్కకు జరగమంటే జరిగాడు గానీ చెయ్యి తీయలేదు. “మా నాన్న దీని నీడనే ఎడ్లు విప్పేవోడండి” అన్నాడు. తర్వాత కొమ్మలు కొట్టి, మొదలుకు మందులు పట్టించి బతికించాలని చూశారు. మోడు నుంచి చిగుళ్లు వచ్చాయి.

ఆ ముసలాయనకు ఎనభై ఉండొచ్చు. చెట్టుకు నూటయాభై. తండ్రినీ కొడుకునీ కలిపి చూసిన ప్రాణి అది. వాళ్లిద్దరి మధ్యా మిగిలిన సాక్షి పోయిందని ఆయన అక్కడ నిలబడ్డాడు. ఆయుష్షు అనేది ఒక్కరి లెక్క కాదని నాకు అక్కడే అనిపించింది. పక్కపక్కన బతికే ఇద్దరి ఆయుష్షుల మధ్య తేడాయే అసలు లెక్క.

రాజమండ్రిలో వెయ్యేళ్ల కిందట

ఈ తేడా గురించి తెలుగులో మొదట రాసింది ఎక్కడో వెతకనక్కర్లేదు. కోరుకొండకు రమారమి ఇరవై కిలోమీటర్ల దూరంలో, రాజమహేంద్రవరంలో, నన్నయ ఆదిపర్వంలో. ఆటలు తయారుచేసేవాళ్లకు చేతిలో పెట్టాల్సిన పుస్తకం అది. అందులో ప్రతి జాతికీ తన గడియారం ఉంది. కద్రువ గుడ్లు పొదగడానికి అయిదు వందల ఏళ్లు పట్టింది, నాగులు వచ్చాయి. సవతి పిల్లల్ని చూసి వినత ఆగలేక తన గుడ్డొకటి ముందే చిదిపింది. తొడలు లేని అనూరుడు బయటికొచ్చాడు. ఇంకో అయిదు వందల ఏళ్లు ఓపిక పట్టాక గరుత్మంతుడు పుట్టాడు. గుడ్డు పగలకొట్టడానికి పట్టిన క్షణానికి శిక్ష, అయిదు వందల ఏళ్ల దాస్యం.

యయాతి కథ మీకు తెలుసు. శుక్రుడి శాపంతో నడివయసులో ముసలివాడైపోయాడు. ఎవరైనా తీసుకుంటే ఇవ్వొచ్చన్నాడు శుక్రుడు. పెద్దకొడుకులు నలుగురూ వద్దన్నారు. చిన్నవాడు పూరుడు తన యౌవనం తండ్రికిచ్చి, తండ్రి ముసలితనం తను తీసుకున్నాడు. వెయ్యేళ్లు. వెయ్యేళ్ల తర్వాత యయాతి ఇంకా తనివి తీరలేదని గ్రహించి యౌవనం తిరిగిచ్చేశాడు. ఈ కథ చెప్పినప్పుడు అందరూ యయాతి గురించే మాట్లాడతారు. నాకు మాత్రం పూరుడి వెయ్యేళ్లు కావాలి. ఇరవయ్యేళ్లవాడు వణికే చేతులతో కిటికీ పక్కన కూర్చుని, తన కాళ్లతో తండ్రి వనాల్లో పరుగెత్తడం చూస్తున్నాడు. అన్నలు రాజ్యమెల్లా తిరుగుతున్నారు. ఆ వెయ్యేళ్లలో వాడి గదికి ఎవరొచ్చి పలకరించారు? ఏ ఆటవాడైనా ఆ గది కట్టి చూపిస్తే నేను కూర్చుని ఆడతాను.

ఇంకో కథ రురుడిది. పెళ్లి దగ్గరపడ్డ రోజుల్లో ప్రమద్వర పాముకాటుకు చనిపోయింది. నీ ఆయుష్షులో సగం ఇస్తే లేస్తుందన్నాడు దేవదూత. రురుడు ఇచ్చేశాడు. ఆమె నిద్రలేచినట్టు లేచింది. బేరం లేదు, యుద్ధం లేదు. సగం తీసి ఇచ్చాడంతే. ఎల్ఫ్ ఒకతె మనిషిని పెళ్లాడి తన అమరత్వం వదులుకోవడం టోల్కీన్ కథలో గొప్ప ఘట్టమని పిల్లలు చెబుతుంటారు, నిజమే. అలాంటి మాటే గోదావరి ఒడ్డున తొమ్మిది శతాబ్దాల ముందు తెలుగులో వచ్చింది. ఇక్కడ ఇచ్చింది మగవాడు, ఇద్దరికీ సమానంగా మిగిలేట్టు ఇచ్చాడు.

భాగవతంలో రేవతి కథ మరోలా ఉంటుంది. కూతురికి ఎవర్ని వరుడిగా చూడమంటావని అడగడానికి కకుద్మి ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకం వెళ్లాడు. అక్కడ గంధర్వుల పాట జరుగుతోంది. పూర్తయ్యాక అడుగుదామని ఆగాడు. ఆ ఒక్క పాట అయ్యేలోపు కింద ఇరవై ఏడు మహాయుగాలు దొర్లిపోయాయి. తను అనుకున్న వరులు, వాళ్ల మనవలు, వాళ్ల ఊళ్లు ఏవీ లేవు. పాత్ర మీద ఒక్క ఏడూ పడలేదు, లోకమంతా ముసలిదై మళ్లీ పుట్టింది. కొన్నేళ్లు ఆట మానేసి మళ్లీ లాగిన్ అయినవాడికి ఈ కథ విడమరచి చెప్పక్కర్లేదు. స్నేహితుల పేర్ల పక్కన దీపాలన్నీ ఆరిపోయి ఉంటాయి.

ఇక అశ్వత్థామ. ఇప్పటి పిల్లలకు ‘కల్కి 2898 ఏడీ’లో అమితాబ్ బచ్చన్ రూపంలో తెలుసు. భారతంలో కృష్ణుడిచ్చిన శాపం మూడు వేల ఏళ్లు. అన్నేళ్లు తోడు లేకుండా, పలకరించే మనిషి లేకుండా తిరగమన్నాడు. వినడానికి అది కూడా దీర్ఘాయుష్షే. శాపం ఎక్కడుందంటే పక్కన ఎవరూ లేకపోవడంలో.

మన భాషలోనే ఆ వివరం ఉంది. దేవతల్ని అమరులన్నారు, చావు లేనివాళ్లు. నిర్జరులనీ అన్నారు, ముసలితనం లేనివాళ్లు. రెండూ వేరని తెలిసినవాళ్ల మాటలవి. కోరుకొండ మీద వెలసిన స్వామి కథలో హిరణ్యకశిపుడు కోరుకున్నది మూడు: ఓటమి వద్దు, ముసలితనం వద్దు, చావు వద్దు. ఇంటా బయటా, పగలూ రాత్రీ అంటూ నియమాలన్నీ తనే రాసుకున్నాడు. ఆ నియమాల్లో కన్నకొడుక్కి చోటు పెట్టలేదు.

ఇబెలిన్

ఆడే మనిషి ఆయుష్షు గురించి ఒక్క నిజం చెప్పాలి. నార్వేలో మాట్స్ స్టీన్ అనే కుర్రాడు 1989లో పుట్టాడు. కండరాలు కరిగిపోయే డుషేన్ జబ్బు. చక్రాల కుర్చీ, తర్వాత వేళ్ల కదలిక మాత్రమే మిగిలింది. 2014 నవంబరులో, పాతికేళ్లకు పోయాడు. స్నేహితులు లేకుండా పోయాడని తల్లిదండ్రులు కుమిలిపోయారు. అతను రాసుకునే పేజీలో ఆ కబురు పెట్టారు. ఉత్తరాలు వెల్లువెత్తాయి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో అతను ఇబెలిన్ అనే మనిషి జాతి వీరుడు. పదిహేను నుంచి ఇరవై వేల గంటలు అక్కడ బతికాడు. రోజూ ఆ లోకంలో పరుగెత్తేవాడు. ఒక తల్లికి తన కొడుకుతో మాట్లాడే దారి చూపాడు. దేశదేశాల నుంచి స్నేహితులు అంత్యక్రియలకు వచ్చారు. 2024లో అతని మీద డాక్యుమెంటరీ వచ్చింది. అతని గుంపు ఏటా ఇబెలిన్ పరుగెత్తిన దారిలో పరుగెడుతుంది.

తలచుకుంటే అతను వేల ఏళ్ల నైట్ ఎల్ఫ్ పాత్ర పట్టుకోవచ్చు. మనిషినే పట్టుకున్నాడు. పాతికేళ్లలో ఆ అబ్బాయి పక్కన నిలబడ్డవాళ్లు ఎంతమందో లెక్కపెడితే, మా అమ్మ ప్రశ్నకు దొరికే జవాబుల్లో అదొకటి.

చెట్టు బిడ్డ

తీర్థం నుంచి ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిది దాటింది. అమ్మ ఉపవాసం, పాలు తాగి కూర్చుంది. మేనల్లుడు కంప్యూటర్ ఆన్ చేశాడు. వాడాడేది ‘గిల్డ్ వార్స్ 2’. అసలు ఆట ఉచితం, అందుకే మా ఇంటిదాకా వచ్చింది. అందులో సిల్వరీ అనే జాతి ఉంది, చెట్టుకు పుట్టిన మనుషులు. యుద్ధంలో అయినవాళ్లందర్నీ పోగొట్టుకున్న రోనన్ అనే సిపాయి, వాళ్ల సమాధుల మీద ఒక విత్తనం నాటాడు. వెంటారీ అనే సెంటార్‌తో (సగం మనిషి, సగం గుర్రం) కలిసి ఆ మొక్కను పెంచాడు. ఇద్దరూ పోయాక చాలా ఏళ్లకు ఆ తెల్లచెట్టు నుంచి పన్నెండు మంది పుట్టారు. పెద్దవాళ్లుగానే పుట్టారు, బాల్యం లేదు. ఆట కథ మొదలయ్యే నాటికి ఆ జాతిలో అందరికంటే పెద్దలకు ఇరవై మూడేళ్లే.

అమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. తెర మీద ఆకుల జుట్టుతో, చెక్క చర్మంతో ఓ పిల్ల నిలబడి ఉంది. రాత్రిపూట ఒళ్లంతా మిణుగురులా వెలుగుతోంది.

“ఇదెన్నాళ్లు బతుకుతుందిరా?”

“ఎవరికీ తెలీదు అమ్మమ్మా. ముసలితనంతో పోయినవాళ్లు వీళ్లలో ఇంతవరకు ఒక్కరూ లేరు. వీళ్ల ఆయుష్షెంతో వీళ్లకే తెలీదు.”

అమ్మ చాలాసేపు చూసింది. “మనలాగే” అంది. తర్వాత, “పెంచిన ఆయన దీన్ని చూడకుండానే పోయాడా?”

“ఊఁ.”

“మొక్క నాటినోడు మానుని చూడడు కదరా.”

వాడు కొత్త క్యారెక్టర్ మొదలుపెట్టాడు. వాళ్ల అమ్మమ్మను అడిగి ఆకుల రంగు పెట్టాడు, గోరింట పచ్చ. చెంపల మీద గీతలుంచమంది, ఉంచాడు. ఆ ఆటలో ప్రతి పాత్రకూ పుట్టిన రోజు గంటతో సహా నమోదవుతుంది. ఏడాది తిరగ్గానే ఉత్తరం, కానుక వస్తాయి. ఆ సంగతి చెప్పి వాడు అన్నాడు: “ఇవాళ దీని పుట్టినరోజు. నీక్కూడా ఇవాళే పెట్టేద్దాం. ఆధార్‌లో జనవరి ఒకటి మనకొద్దు. ఏటా ఈ తారీఖున ఇద్దరికీ కలిపి చేస్తాను.”

నోటుబుక్కు తీసి తేదీ రాయబోయాడు. అమ్మ వాడి చెయ్యి పట్టుకుంది.

“తారీఖు కాదురా నాన్నా. తిథి రాసుకో. తారీఖు రాసుకుంటే వచ్చే ఏడు తీర్థం నాటికి తప్పిపోతుంది.”

వాడు కొట్టేసి, ఫాల్గుణ శుద్ధ ఏకాదశి అని రాశాడు. ‘శుద్ధ’కు వత్తు సరిగ్గా వచ్చిందో లేదో అమ్మకు చూపించుకున్నాడు.